బర్డ్ ఫ్లూ వైరస్‌ల పరిణామం, వ్యాప్తి: విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసిన అంశాలు

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు గ్రామాలలోని కోళ్ల ఫారాలలో పక్షులు పెద్ద సంఖ్యలో మరణించాయి. భోపాల్‌లోని జాతీయ అధిక భద్రత జంతు వ్యాధుల సంస్థ నమూనాలను పరీక్షించి హెచ్5ఎన్1 వైరస్‌ను నిర్ధారించింది. మన దేశంలోని కోళ్లలో ఈ వైరస్ మొదటిసారిగా 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద బయటపడింది. ఆ తరువాత 2008లో పశ్చిమ బెంగాల్‌లో, 2014లో కేరళలోని బాతులలో, 2015లో తెలంగాణలో, 2020-21 శీతాకాలంలో అనేక రాష్ట్రాలలో వ్యాధి తలెత్తింది. ప్రతిసారీ వ్యాధి సోకిన మందలను నిర్మూలించి, ఫారాలను శుద్ధి చేసి, వ్యాధిని అదుపులోకి తెచ్చారు. అయినను అది తిరిగి వస్తూనే ఉన్నది.

ఈ సందర్భంలో రైతులు విస్తరణ అధికారులను అడిగే ప్రశ్నలు ప్రధానంగా రెండు. పోయిన రోగం మళ్ళీ ఎక్కడి నుండి వచ్చినది? ఇది పాత రోగమేనా, లేక మారిన రోగమా? ఈ రెండు ప్రశ్నలు వేరువేరుగా కనిపించినప్పటికీ వాటి సమాధానం ఒక్కటే. వైరస్ వ్యాపించడం, వైరస్ మారడం రెండు వేర్వేరు ప్రక్రియలు కావు. వ్యాధి సోకిన ప్రతి పక్షి వైరస్‌కు కొత్త మార్పులను పరీక్షించుకునే ఒక అవకాశం. కాబట్టి వ్యాప్తిని ఎంత త్వరగా అరికట్టగలిగితే, పరిణామానికి అంత తక్కువ అవకాశం మిగులుతుంది. ఈ సూత్రాన్ని శాస్త్రీయ ఆధారాలతో వివరించి, క్షేత్రస్థాయి కార్యక్రమాలకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వైరస్ నిర్మాణం

బర్డ్ ఫ్లూను కలిగించే వైరస్‌లు ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' రకానికి చెందినవి. వీటి జన్యుపదార్థం డీఎన్‌ఏ కాక ఆర్‌ఎన్‌ఏ. అది ఒకే పోగుగా కాక ఎనిమిది విడి ఖండాలుగా ఉంటుంది. ఎనిమిది ఖండాలలోని జన్యు అక్షరాలన్నీ కలిపి సుమారు 13,500 మాత్రమే. కోడి జన్యుపదార్థంలో వంద కోట్లకు పైగా అక్షరాలు ఉండగా, ఇంత స్వల్ప సమాచారంతో ఈ వైరస్ లక్షల పక్షులను హతమార్చగలుగుతున్నది.

వైరస్ ఉపరితలంపై రెండు ముఖ్యమైన ప్రోటీన్లు ఉంటాయి. మొదటిది హీమాగ్లుటినిన్. ఇది అతిథేయి కణాన్ని పట్టుకొని లోనికి ప్రవేశించడానికి తోడ్పడుతుంది. రెండవది న్యూరామినిడేజ్. ఇది కణంలో తయారైన కొత్త వైరస్ రేణువులను కణం నుండి విడిపిస్తుంది. ఒకటి తలుపు తెరిచే తాళంచెవి అనుకుంటే, రెండవది బయటకు వచ్చేటప్పుడు కట్లు తెంచే కత్తెర వంటిది. పక్షులలో హీమాగ్లుటినిన్‌కు 16 ఉపరకాలు, న్యూరామినిడేజ్‌కు 9 ఉపరకాలు చిరకాలంగా గుర్తింపు పొంది ఉన్నాయి. గబ్బిలాలలో మరికొన్ని కనుగొన్నారు. హెచ్5ఎన్1, హెచ్9ఎన్2, హెచ్7ఎన్9 అనే పేర్లు ఈ రెండు ప్రోటీన్ల ఉపరకాలను మాత్రమే తెలుపుతాయి. మిగిలిన ఆరు ఖండాల గురించి పేరులో ఏ సమాచారమూ ఉండదు. 1997లోని హెచ్5ఎన్1, 2025లోని హెచ్5ఎన్1 పేరులో ఒకటే అయినప్పటికీ జన్యుపరంగా చాలా దూరమైన బంధువులు. విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మార్పుకు రెండు మార్గాలు

మొదటి మార్గం ఉత్పరివర్తనం. జన్యువులను నకలు చేసేటప్పుడు ఉన్నత జీవులలో తప్పులను సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌కు అటువంటి సామర్థ్యం లేదు. అందువలన ప్రతి కణం నుండి వెలువడే రేణువులలో మాతృకకు సరిపోలే వాటితో పాటు ఒకటి రెండు అక్షరాలు తేడా గలవి కూడా ఉంటాయి. వీటిలో అధిక భాగం పనికిరానివి లేదా హానికరమైనవి కావడంతో నశిస్తాయి. ఏదో ఒక మార్పు ఆ పరిసరాలలో అనుకూలమైతే, ఆ రేణువు సంతతి మిగిలినవాటిని మించిపోతుంది. హీమాగ్లుటినిన్‌లో ఇటువంటి చిన్న మార్పులు క్రమంగా పోగుపడినప్పుడు, పాత వ్యాధి వలన గాని టీకా వలన గాని ఏర్పడిన రోగనిరోధక శక్తి ఆ వైరస్‌ను సరిగా గుర్తించలేదు.

రెండవ మార్గం జన్యుఖండాల పునర్విన్యాసం. ఒకే పక్షిలోని ఒకే కణంలోకి రెండు వేర్వేరు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు ప్రవేశించినప్పుడు, కొత్త రేణువులు రెండింటి ఖండాలను కలగలిపి తీసుకొనవచ్చును. ఎనిమిది ఖండాలలో ప్రతిదీ ఇద్దరు తల్లిదండ్రులలో ఎవరి నుండైనా రావచ్చును కాబట్టి, గణితపరంగా 256 కలయికలు సాధ్యమవుతాయి. వీటిలో రెండు మాతృకలను పోలినవి కాగా, మిగిలిన 254 కొత్తవి. ఉత్పరివర్తనం ఒక్కొక్క మెట్టు ఎక్కే పద్ధతి అయితే, పునర్విన్యాసం ఒక్క దూకుడులో మేడ ఎక్కే పద్ధతి.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. వైరస్ మందును చూసి, టీకాను చూసి 'తెలివి నేర్చుకున్నది' అని వాడుకలో అంటారు. వైరస్‌కు ఉద్దేశం లేదు. మార్పులు యాదృచ్ఛికంగా జరుగుతాయి. వాటిలో ఏది నిలవాలో నిర్ణయించేది వైరస్ నివసించే పరిసరం. ఆ పరిసరాన్ని అధిక భాగం మనమే నిర్మిస్తున్నాము.

నీటి పక్షులలో సమతౌల్యం

ఇన్‌ఫ్లుయెంజా 'ఎ' వైరస్‌లకు సహజ ఆశ్రయం అడవి బాతులు, హంసలు, సముద్రపు చిలువలు, తీరపు పక్షులు. వీటిలో తక్కువ తీవ్రత గల వైరస్‌లు ప్రధానంగా పేగులలో వృద్ధి చెంది, రెట్ట ద్వారా నీటిలోకి చేరుతాయి. ఆ నీటిని తాగిన మరో పక్షికి వ్యాధి సోకుతుంది. చల్లని నీటిలో ఈ వైరస్‌లు వారాల తరబడి నిలువగలవు. వెచ్చని నీటిలో ఆ కాలం బాగా తగ్గుతుంది. వ్యాధి సోకిన అడవి బాతు సాధారణంగా అనారోగ్యం కనబరచకుండానే ఈదుతుంది, ఎగురుతుంది, వలస పోతుంది.

ఈ అమరికలో అతిథేయిని చంపడం వైరస్‌కు లాభించదు. చచ్చిన బాతు ఎగరలేదు, తరువాతి చెరువుకు వైరస్‌ను చేర్చలేదు. కాబట్టి తీవ్రత తక్కువగా ఉన్న వైరస్‌లే ప్రకృతి వరణంలో నిలిచాయని శాస్త్రవేత్తలు వివరిస్తారు. 2002కు ముందు అడవి పక్షులలో అధిక తీవ్రత గల వైరస్ వలన పెద్ద ఎత్తున మరణాలు నమోదైన సందర్భం 1961లో దక్షిణాఫ్రికాలోని టెర్న్ పక్షులలో మాత్రమే.

తీవ్రత ఎక్కడ పుడుతుంది?

హీమాగ్లుటినిన్ ప్రోటీన్ తయారైన వెంటనే పని చేయదు. అతిథేయి ఎంజైమ్ ఒకటి దానిని నిర్దిష్ట స్థానంలో రెండుగా ఛేదించిన తరువాతనే వైరస్ కణంలోకి ప్రవేశించగలదు. తక్కువ తీవ్రత గల వైరస్‌లలో ఈ ఛేదన స్థానం వద్ద సాధారణంగా ఒకే ఒక ఆర్జినిన్ ఉంటుంది. దానిని ఛేదించగల ట్రిప్సిన్ వంటి ఎంజైమ్‌లు శ్వాసనాళంలోను, పేగులలోను మాత్రమే లభిస్తాయి. కాబట్టి వ్యాధి అక్కడికే పరిమితమవుతుంది. కోళ్లలో గుడ్ల ఉత్పత్తి కొంత తగ్గడం, స్వల్ప శ్వాస ఇబ్బంది వంటి లక్షణాలతో సరిపోవచ్చును.

హెచ్5, హెచ్7 ఉపరకాలలో ఈ స్థానం వద్ద ఆర్జినిన్, లైసిన్ వంటి క్షార అమైనో ఆమ్లాలు వరుసగా చేరినప్పుడు పరిస్థితి మారుతుంది. అప్పుడు ఫ్యూరిన్ వంటి ఎంజైమ్‌లు ప్రోటీన్‌ను ఛేదించగలవు. ఇవి శరీరంలోని దాదాపు అన్ని కణాలలో ఉంటాయి. దానితో వైరస్ మెదడు, గుండె, కాలేయం, క్లోమం సహా అన్ని అవయవాలకు వ్యాపించి, కోళ్లు రెండు మూడు రోజులలో కుప్పకూలిపోతాయి. కొన్ని అక్షరాల మార్పుతో పేగు రోగం సర్వాంగ రోగంగా మారుతున్నది.

ఈ మార్పు కోళ్ల ఫారాలలోనే జరిగినట్లు పలు ఉదాహరణలు ఉన్నాయి. 1983లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఏప్రిల్ నెలలో హెచ్5ఎన్2 వైరస్ స్వల్ప వ్యాధిగా ప్రవేశించింది. కొన్ని నెలలు అది మందలలో తిరిగింది. అక్టోబరు నాటికి అదే వైరస్ ప్రాణాంతకంగా మారింది. ఛేదన స్థానాన్ని కప్పి ఉంచిన చక్కెర గొలుసు ఒకే ఒక్క ఉత్పరివర్తనంతో తొలగిపోవడమే అందుకు కారణమని తేలింది. వ్యాధిని అరికట్టడానికి సుమారు 1.7 కోట్ల పక్షులను నిర్మూలించవలసి వచ్చింది. 2002లో చిలీ దేశంలో హెచ్7ఎన్3 వైరస్ మరో విధంగా తీవ్రతను సంతరించుకున్నది. అదే వైరస్‌లోని న్యూక్లియోప్రోటీన్ జన్యువు నుండి ఒక చిన్న ముక్క ఛేదన స్థానంలోకి వచ్చి చేరింది. మార్గాలు వేరైనా ఫలితం ఒక్కటే.

ఫారాలలోనే ఇది ఎందుకు జరుగుతుంది? షెడ్డులో వేలాది కోళ్లు ఒకే వయస్సులో, దాదాపు ఒకే జన్యు నేపథ్యంతో, రెక్కకు రెక్క తగిలేంత దగ్గరగా ఉంటాయి. ఇక్కడ వైరస్ అతిథేయిని చంపినా నష్టపోదు, ఎందుకనగా తరువాతి అతిథేయి పక్కనే ఉన్నది. చెరువులో వైరస్‌పై ఉండిన నియంత్రణ షెడ్డులో తొలగిపోతుంది. పెన్సిల్వేనియా అనుభవం మనకు నేర్పే పాఠం ఏమనగా, స్వల్ప వ్యాధిని ఉపేక్షించిన ఆ ఆరు నెలలే వైరస్‌కు మారడానికి వ్యవధినిచ్చాయి.

గ్వాంగ్‌డాంగ్ వంశం

నేడు ప్రపంచమంతటా తిరుగుతున్న అధిక తీవ్రత గల హెచ్5 వైరస్‌లు 1996లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పెంపుడు బాతు జాతి పక్షిలో గుర్తించిన వైరస్ సంతతికి చెందినవి. 1997లో హాంకాంగ్‌లో ఈ వంశపు వైరస్ 18 మందికి సోకి ఆరుగురు మరణించారు. అక్కడి ప్రభుత్వం నగరంలోని కోళ్లన్నింటినీ నిర్మూలించి, ఆ వైరస్ రూపాన్ని అంతం చేసింది. కాని మూలవంశం చైనాలో మిగిలి, ఇతర పక్షి వైరస్‌లతో ఖండాలు మార్చుకుంటూ కొనసాగింది. 2003, 2004 సంవత్సరాలలో వియత్నాం, థాయిలాండ్, ఇండోనేషియా మొదలైన దేశాల కోళ్లలో వ్యాపించింది.

2005లో ఒక కీలక మలుపు సంభవించింది. చైనాలోని చింగ్‌హై సరస్సు వద్ద వేలాది వలస పక్షులు మరణించాయి. వాటిలో బార్‌హెడెడ్ గూస్ అనే బాతు జాతి పక్షులు అధికం. ఈ పక్షులు హిమాలయాలను దాటి శీతాకాలాన్ని మన దేశంలో గడుపుతాయి. ఫారాలలో రూపుదిద్దుకున్న తీవ్ర వైరస్ అడవి పక్షులలోకి తిరిగి ప్రవేశించి, వాటి రెక్కలపై దూరదేశాలకు చేరడం ఆరంభమైంది. మరుసటి సంవత్సరానికే అది యూరప్, ఆఫ్రికా, భారతదేశం చేరింది. 2020-21 శీతాకాలంలో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయం వద్ద అదే జాతి పక్షులు వేల సంఖ్యలో హెచ్5ఎన్1 వలన మరణించాయి.

వ్యాప్తి చెందుతూ ఈ వంశం అనేక శాఖలుగా చీలింది. వాటికి 2.3.2.1ఎ, 2.3.4.4బి వంటి సంఖ్యలతో పేర్లు పెట్టారు. 2.3.2.1ఎ శాఖ బంగ్లాదేశ్, భారతదేశాలలో చాలాకాలంగా పాతుకొని ఉన్నది. 2.3.4.4బి శాఖ 2021 చివర అట్లాంటిక్ సముద్రాన్ని దాటి ఉత్తర అమెరికాకు, 2022లో దక్షిణ అమెరికాకు, 2023-24లో అంటార్కిటికా ప్రాంతానికి చేరింది. 2023లో అర్జెంటీనా తీరంలో వేలాది ఎలిఫెంట్ సీల్ పిల్లలను బలిగొన్నది.

మన ప్రాంతంలో ఈ శాఖల మధ్య కలయిక ఊహ కాదు. 2024లో కోల్‌కతా నుండి ఆస్ట్రేలియా చేరిన ఒక చిన్నారికి సోకిన వైరస్‌ను పరిశీలించినప్పుడు, దాని హీమాగ్లుటినిన్ 2.3.2.1ఎ శాఖకు చెందగా, ఇతర ఖండాలలో కొన్ని 2.3.4.4బి శాఖ నుండి, తక్కువ తీవ్రత గల వైరస్‌ల నుండి వచ్చినట్లు తేలింది. ఆ చిన్నారి కోలుకున్నది.

నిశ్శబ్ద భాగస్వామి హెచ్9ఎన్2

రైతులు ఎక్కువగా పట్టించుకోని వైరస్ హెచ్9ఎన్2. ఇది తక్కువ తీవ్రత గలది. ఆసియా దేశాల కోళ్లలో, మన దేశంలో కూడా, విస్తృతంగా ఉన్నది. గుడ్లు తగ్గడం, స్వల్పంగా దగ్గడం మినహా కొన్నిసార్లు ఏ లక్షణమూ ఉండదు. ఇతర సూక్ష్మజీవులు తోడైనప్పుడు నష్టం పెరుగుతుంది. అయితే పరిణామ దృష్టితో దీని ప్రాముఖ్యం వేరు. ఇది అంతర్గత ఖండాలను ఇతర వైరస్‌లకు సమకూర్చే దాత.

2013లో చైనాలో బయటపడిన హెచ్7ఎన్9 ఇందుకు నిదర్శనం. దాని ఆరు అంతర్గత ఖండాలు కోళ్లలోని హెచ్9ఎన్2 నుండి వచ్చినవే. మొదట ఆ వైరస్ కోళ్లలో ఎటువంటి లక్షణాలనూ కలిగించలేదు. సంతలలోని కోళ్లు ఆరోగ్యంగా కనిపిస్తుండగానే మనుషులు ఆసుపత్రులలో చేరారు. మొత్తం 1,500కు పైగా మానవ కేసులు నమోదై, 600 మందికి పైగా మరణించారు. కోళ్లు చావకపోవడం భద్రతకు గుర్తు కాదని ఈ సంఘటన స్పష్టం చేస్తున్నది. మన ఫారాలలో, ప్రాణంతో ఉన్న కోళ్లను అమ్మే దుకాణాలలో హెచ్9ఎన్2 తిరుగుతున్నంత కాలం, అక్కడికి చేరే హెచ్5ఎన్1కు ఖండాలు మార్చుకొనే భాగస్వామి సిద్ధంగా ఉన్నట్లే.

క్షీరదాలలోకి ప్రవేశం

పక్షి వైరస్ మనిషికి సులభంగా సోకకుండా ప్రధానంగా రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది గ్రాహకం. కణాల ఉపరితలంపై ఉండే సియాలిక్ ఆమ్లాన్ని హీమాగ్లుటినిన్ పట్టుకుంటుంది. పక్షుల పేగులలో ఈ ఆమ్లం ఆల్ఫా 2,3 బంధంతో, మనిషి ముక్కు, గొంతులలో అధికంగా ఆల్ఫా 2,6 బంధంతో ఉంటుంది. పక్షి వైరస్‌కు ఇష్టమైన బంధం మనిషి ఊపిరితిత్తుల లోతులలో ఉంటుంది. అందువలననే వ్యాధి సోకినప్పుడు తీవ్రమైన న్యుమోనియా కలుగుతుంది, కాని ఒకరి నుండి మరొకరికి సులభంగా వ్యాపించదు.

రెండవ అడ్డంకి పాలిమరేజ్. పక్షి పేగుల ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్, మనిషి ముక్కులో సుమారు 33 డిగ్రీలు. పక్షి కణాలలోని ఏఎన్‌పి32ఎ అనే ప్రోటీన్‌లో క్షీరదాలలో లేని ఒక అదనపు భాగం ఉన్నది. పక్షి వైరస్ నకళ్లు తీసుకోవడానికి దానిపై ఆధారపడుతుంది. క్షీరద కణంలో ఆ లోటును అధిగమించడానికి వైరస్ పిబి2 ప్రోటీన్‌లో మార్పులు ఏర్పడతాయి. 627వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసిన్ చేరడం వీటిలో సుప్రసిద్ధమైనది. క్షీరదాల నుండి సేకరించిన వైరస్‌లలో శాస్త్రవేత్తలు మొదట ఈ స్థానాన్నే పరిశీలిస్తారు.

2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకు హెచ్5ఎన్1 సోకినట్లు తెలియడం ఈ చరిత్రలో అనూహ్య ఘట్టం. వైరస్ పొదుగులో వృద్ధి చెంది, పాలలో అత్యధికంగా వెలువడింది. పాలు పితికే పరికరాలు, పశువుల రవాణా ద్వారా మంద నుండి మందకు వ్యాపించి, 2025 మధ్య నాటికి వెయ్యికి పైగా మందలలో నమోదైంది. పచ్చిపాలు తాగిన పిల్లులు మరణించాయి. పాశ్చరీకరణ వైరస్‌ను నశింపజేస్తుంది. మన దేశంలో 2024 డిసెంబరులో నాగపూర్ సమీపంలోని గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుతపులి ఈ వైరస్‌తో మరణించాయి.

2003 నుండి ప్రపంచవ్యాప్తంగా 900కు పైగా హెచ్5ఎన్1 మానవ కేసులు నమోదు కాగా, వారిలో దాదాపు సగం మంది మరణించారు. మన దేశంలో తొలి మరణం 2021లో హర్యానాకు చెందిన బాలునిది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో కన్నుమూసింది. నిలకడగా మనిషి నుండి మనిషికి వ్యాపించే శక్తి ఈ వైరస్‌కు ఇంతవరకు లభించలేదు. అయితే క్షీరదానికి వైరస్ సోకిన ప్రతిసారీ ఆ దిశగా మరో ప్రయత్నం జరిగినట్లే భావించాలి.

మన జిల్లాలలో వ్యాప్తి మార్గాలు

వలస పక్షులు వైరస్‌ను ఒక ప్రాంతానికి తేగలవు. కాని ఒక ఫారం నుండి మరో ఫారానికి దానిని చేర్చేది అధిక భాగం మనుషులు, వాహనాలు, పరికరాలు. ఈ తేడాను రైతులకు స్పష్టంగా చెప్పాలి. ఆకాశాన్ని మనం అదుపు చేయలేము, ఫారం గేటును అదుపు చేయగలము.

గోదావరి, కృష్ణా డెల్టాలలో మూడు పరిస్థితులు ఒకచోట కలుస్తాయి. కొల్లేరు వంటి చిత్తడి నేలలకు శీతాకాలంలో వలస పక్షులు వస్తాయి. వరి కోతల తరువాత బాతుల మందలను పొలాల్లో మేపుతూ ఊరి నుండి ఊరికి తోలుకుపోతారు. ఆ పొలాలకు సమీపంలోనే లేయర్ కోళ్ల షెడ్లు ఉంటాయి. థాయిలాండ్‌లో 2004 నాటి వ్యాధి విస్తరణను పరిశీలించిన పరిశోధకులు, వరి పొలాల్లో స్వేచ్ఛగా మేసే బాతులకు, హెచ్5ఎన్1 వ్యాధికి గట్టి సంబంధం ఉన్నట్లు కనుగొన్నారు. బాతు పైకి ఆరోగ్యంగా ఉంటూనే వైరస్‌ను వెదజల్లవచ్చును. కాబట్టి మేత బాతులు అడవి పక్షులకు, ఫారం కోళ్లకు నడుమ వంతెనగా మారే అవకాశం ఉన్నది.

దీనికి తోడు గుడ్ల ట్రేలు ఒక ఫారం నుండి మరో ఫారానికి శుద్ధి చేయకుండానే తిరుగుతుంటాయి. దాణా లారీలు, కోళ్లను పట్టే కూలీలు, ఎరువు కోసం లిట్టర్ తీసుకుపోయే ట్రాక్టర్లు ఒకే రోజు పలు ఫారాలను చుట్టివస్తాయి. చనిపోయిన కోళ్లను కాలువలలో, రోడ్డు పక్కన పారవేయడం వలన కాకులు, కుక్కలు, పిల్లులు వాటిని తిని వైరస్‌ను మరింత దూరం తీసుకుపోతాయి. సంక్రాంతి కోడిపందేలకు పలు గ్రామాల పుంజులు ఒకే బరి వద్ద చేరి, తిరిగి తమ ఊళ్లకు వెళ్తాయి. పెరటి నాటుకోళ్లకు ఇది అదనపు ప్రమాదం.

టీకా, పరిణామం

టీకాతో ఈ సమస్య తీరదా అని పలువురు అడుగుతారు. దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో సమాధానం చెప్పలేము. చైనాలో 2017 సెప్టెంబరు నుండి కోళ్లకు హెచ్5, హెచ్7 సంయుక్త టీకాను ఇచ్చిన తరువాత హెచ్7ఎన్9 మానవ కేసులు దాదాపు అదృశ్యమయ్యాయి. ఫ్రాన్స్‌లో 2023 అక్టోబరు నుండి బాతులకు టీకా ఇవ్వడంతో వ్యాధి ఘటనలు గణనీయంగా తగ్గాయి. మరొక వైపు, మెక్సికోలో 1995 నుండి హెచ్5ఎన్2 టీకా వాడగా, వైరస్ క్రమంగా టీకా రకం నుండి దూరంగా మారిపోయినట్లు తరువాతి అధ్యయనాలు తెలిపాయి. అసంపూర్ణమైన టీకా కోడిని కాపాడుతుంది కాని వైరస్ విసర్జనను పూర్తిగా ఆపదు. అప్పుడు మరణాలు లేకుండానే వైరస్ తిరుగుతూ, రోగనిరోధక శక్తిని తప్పించుకునే రూపాలు ఎంపికవుతాయి. కాబట్టి టీకాతో పాటు నిరంతర నిఘా, వైరస్‌కు అనుగుణంగా టీకా రకాన్ని మార్చే ఏర్పాటు తప్పనిసరి. మన దేశంలో అధిక తీవ్రత గల వైరస్‌పై టీకా విధానం కాక, గుర్తించిన వెంటనే నిర్మూలించే విధానం అమలులో ఉన్నది. అది సఫలం కావాలంటే 'వెంటనే' అన్న మాట నిజం కావాలి.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

వ్యాధి నిర్ధారణ అయినప్పుడు ఒక కిలోమీటరు పరిధిలో పక్షులను నిర్మూలించి, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుతారు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం వ్యాధి అనుమానాన్ని తెలియజేయడం పెంపకందారుని బాధ్యత. అయినను రైతులు వెనుకాడుతారు. ఆ వెనుకంజ నేరబుద్ధితో కూడినది కాదు. అప్పు తెచ్చి నింపిన షెడ్డు ఒక్కరోజులో ఖాళీ అవుతుందన్న భయం అది. ఇరుగుపొరుగు ఫారాలు కూడా తన వలన నష్టపోతాయన్న జంకు కూడా అందులో ఉన్నది. ఆ భయాన్ని గుర్తించకుండా చేసే ఉపదేశం ఫలించదు.

రైతుకు చెప్పవలసిన లెక్క ఇది. పరిహారాన్ని అధికారులు నిర్మూలించిన పక్షులకు, నాశనం చేసిన గుడ్లకు, దాణాకు లెక్కిస్తారు. వ్యాధితో రోజుకు వందల సంఖ్యలో చనిపోతున్న మందలో ప్రతి రోజు ఆలస్యం ఆ లెక్కను తగ్గిస్తుంది. మొదటి రోజులలో మిగిలిన కోళ్లను తక్కువ ధరకు అమ్మివేస్తే, వైరస్ ఆ లారీతో పాటు మరో పది ఊళ్లకు చేరి, చివరకు అదే రైతు కొత్త పిల్లలను తెచ్చిన నాడు తిరిగి వస్తుంది.

క్షేత్రస్థాయిలో ఈ కింది అంశాలపై దృష్టి నిలపడం మంచిది.

1. అకస్మాత్తుగా మరణాలు పెరగడం, గుడ్ల ఉత్పత్తి పడిపోవడం, తల వాపు, తురాయి, తమ్మెలు నీలిరంగుకు మారడం, కాళ్లపై ఎర్రని మచ్చలు కనిపించినప్పుడు కొక్కెర తెగులు అని స్వయంగా నిర్ణయించరాదు. రెండింటి లక్షణాలు ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి. ప్రయోగశాల పరీక్ష మాత్రమే తేల్చగలదు. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి.

2. చనిపోయిన పక్షులను రైతు స్వయంగా కోసి చూడరాదు. నమూనాల సేకరణను శిక్షణ పొందిన సిబ్బందికి వదిలివేయాలి.

3. ప్రతి షెడ్డుకు వేరు పాదరక్షలు, వేరు పనిముట్లు ఉంచాలి. గుడ్లకు వీలైనంతవరకు శుద్ధి చేయగల ప్లాస్టిక్ ట్రేలను వాడాలి. బయటి ట్రేలను షెడ్డులోకి రానీయరాదు.

4. వైరస్‌కు కొవ్వు పొర ఉన్నందున సబ్బు, డిటర్జెంట్, సాధారణ క్రిమిసంహారకాలు దానిని నశింపజేస్తాయి. అయితే రెట్ట, మట్టి పేరుకున్న చోట మందు పనిచేయదు. ముందు కడగాలి, తరువాత మందు చల్లాలి.

5. చెరువు, కాలువ నీటిని శుద్ధి చేయకుండా కోళ్లకు పెట్టరాదు. దాణా గోదాములకు, షెడ్లకు వల అమర్చి అడవి పక్షులను నివారించాలి. బాతులను, కోళ్లను ఒకేచోట పెంచరాదు.

6. లేయర్ ఫారాలలో గుడ్ల దిగుబడిలో చిన్న తగ్గుదలలను కూడా నమోదు చేయించాలి. హెచ్9ఎన్2 వంటి తక్కువ తీవ్రత గల వైరస్‌ల జాడ ఈ పుస్తకాలలోనే మొదట కనిపిస్తుంది.

7. వినియోగదారులకు ఉడికిన మాంసం, గుడ్లు సురక్షితమని, 70 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి వైరస్‌ను నశింపజేస్తుందని తెలపాలి. అదే సమయంలో పచ్చి మాంసాన్ని పిల్లలకు అందనీయరాదని, కోడిని కోసిన తరువాత చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగాలని కూడా తప్పక చెప్పాలి. మొదటి మాట చెప్పి రెండవది విడిచిపెట్టడం బాధ్యతారాహిత్యం.

ముగింపు

బర్డ్ ఫ్లూ వైరస్‌లో మార్పు ఆగదు. అది దాని జన్యు నిర్మాణంలోనే ఉన్నది. కాని ఏ మార్పు నిలవాలో, ఎన్ని అవకాశాలు దానికి దక్కాలో నిర్ణయించే పరిస్థితులు చాలావరకు మన చేతులలో ఉన్నాయి. అడవి బాతులో శతాబ్దాలుగా ఒదిగి ఉన్న వైరస్‌ను ప్రాణాంతకంగా మలచినది రద్దీగా నిండిన షెడ్లు, ప్రాణంతో ఉన్న కోళ్ల సంతలు, ఉపేక్షించిన స్వల్ప వ్యాధులు. తొలి రోజే సమాచారం అందించిన రైతు తన ఫారాన్ని, పొరుగువారి ఫారాలను కాపాడడమే కాక, వైరస్‌కు దక్కబోయే లక్షలాది నకళ్లను, వాటితో పాటు రాబోయే మార్పులను కూడా అడ్డుకుంటున్నాడు. ఈ విషయాన్ని రైతుకు అర్థమయ్యే మాటలలో చెప్పి, అతని భయాన్ని నమ్మకంగా మార్చడం విస్తరణ శాస్త్రం ముందున్న ప్రధాన కర్తవ్యం.